మళ్ళీ అంగళ్ళు పొద్దున 9 గంటలకే మూసే రోజు వస్తే: వీధికి ఒక కాగితం రాసుకుందాం

హంద్రీగట్టు (కర్నూలు పాతబస్తీ)

అందరికీ నమస్కారం. 2020లో ఉగాదీ, కరోనాకు దేశమంతా పెట్టిన లాక్‌డౌనూ ఒకే రోజు వచ్చినాయి, మార్చి 25. 21 రోజులన్నది మే 3 దాకా, తర్వాత 17 దాకా, తర్వాత 31 దాకా సాగింది. మరుసటేడు మే 5 నుంచి మన రాష్ట్రంలో కర్ఫ్యూ పెట్టి ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకే అంగళ్ళు తెరవనిచ్చినారు. ఈ రెండు సార్లూ కొన్ని వీధుల్లో పద్ధతి కుదిరింది, కొన్నింట్లో చెడింది. అది యాడా రాసిపెట్టుకోలేదు. ఇంకో జబ్బు వస్తే మళ్ళీ మొదటి నుంచి తడుముకోవాల్సిందే.

అందుకే వార్డు సచివాలయం గోడకు అంటించేటట్టు రెండు పేజీల కాగితం తయారు చేద్దామని ఈ చర్చ. ఎవరికి ఏం జరిగిందన్న కథలు ఇక్కడ వద్దు. ఎంత, ఎన్ని, ఎట్ల, యాడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది, ఇవే రాయండి. కిరాణా అంగడితో మొదలుపెడదాం.

రాజ్‌విహార్ (కర్నూలు)

అన్నా, కాగితం రాసినా లాభం లేదు. మన జనానికి భయం లేదు. లాఠీ కనపడితేనే దూరం నిలబడతారు, పోలీసు అటు తిరగ్గానే మళ్ళీ గుంపే. ముందు బుద్ధి మారాలి.

కొలతలశెట్టి (నంద్యాల చెక్‌పోస్టు, కర్నూలు)

రాజ్‌విహార్ తమ్ముడూ, ఒక లెక్క చూడప్పా. అంగట్లో ఒక మనిషికి సరుకు అడిగి, తూకం వేసి, కట్టి, లెక్క కట్టి, చిల్లర ఇచ్చేదానికి 4 నిమిషాలు పడుతుంది. గంటకు 15 మంది. 6 నుంచి 9 దాకా అంటే 45 మంది. ఆ అంగడి మీద ఆధారపడిన ఇండ్లు 300 ఉంటే మిగతా 255 మంది యాడికి పోవాల? వాళ్ళు గుంపు కట్టకుండా ఎట్లుంటారు? సమయం తగ్గించినకొద్దీ గుంపు చిక్కబడుతుంది. 9కి మూస్తారంటే 5:30కే వచ్చి షట్టర్ ముందర నిలబడతారు. ఇది బుద్ధికి సంబంధించింది కాదు, భాగహారానికి సంబంధించింది.

ఇప్పుడు మార్చి చూడు. ముందు రోజు సాయంత్రం 5 లోపల చీటీ రాసి ఇస్తారు, లేకుంటే వాట్సాప్‌లో ఫొటో పంపుతారు. రాత్రి తలుపు మూసుకుని సంచులు కట్టి, ఇంటి నంబరు, మొత్తం రూపాయలు సంచి మీద రాసిపెట్టాల. పొద్దున అందించేదానికి 1 నిమిషం. 3 గంటల్లో 180 మంది. దానికి తోడు ఇంటికి మూడు రోజులకు ఒకసారే అని పెట్టుకుంటే రోజుకు 100 సంచులు. 8 కాకముందే అంగడి ఖాళీ.

చీటీలో చెడేది రెండు చోట్ల. ఒకటి, ‘కందిబ్యాళ్ళు’ అని రాసి ఎంతో రాయరు. ప్రతి సరుకు పక్కన కేజీనా అరకేజీనా పావుకేజీనా ఉండాల. రెండు, ఆ రకం లేకుంటే ఏం చేయాలో రాయరు. ‘లేకుంటే వేరే రకం’ అనో ‘లేకుంటే వద్దు’ అనో రాస్తే పొద్దున వాదన ఉండదు. ఆ వాదనే 10 నిమిషాలు తింటుంది.

హంద్రీగట్టు

శెట్టిగారూ, ఇదే కావాల్సింది. చిల్లర సంగతి?

కొలతలశెట్టి

మొత్తాన్ని 10 రూపాయలకు సరిచేయాల. 347 వస్తే 340 తీసుకుని 7 రూపాయలు ఆ ఇంటి పేరున బాకీ రాసుకుంటే వచ్చేసారి కలుస్తుంది. స్కాన్ చేసే కాగితం గల్లా పక్కన పెట్టకూడదు, అందరూ వంగి గల్లా మీదికొస్తారు. 6 అడుగుల దూరంలో స్తంభానికి అంటించాల. నోట్లకు ఒక తట్ట, దాంట్లోనే వేయమనాల. నోటు లెక్కపెట్టేటప్పుడు నాలిక్కి వేలు తగిలించే అలవాటు అంగడి వాళ్ళే ముందు మానుకోవాల. తడి స్పాంజి ముక్క గిన్నెలో పెట్టుకుంటే సరిపోతుంది.

రాజ్‌విహార్

లెక్క ఒప్పుకుంటా. కానీ జన్‌ధన్ డబ్బుల అప్పుడు బ్యాంకుల ముందర వరస చూడండి. సమయం ఇచ్చినా వినలేదు కదా?

ఏడురోడ్లు (కడప)

అది మంచి ఉదాహరణే, కానీ మీరు చెప్పినదానికి కాదు. 2020 ఏప్రిల్‌లో మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసినారు. ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజు పెట్టినారు: 0, 1 ఏప్రిల్ 3న, 2, 3 ఏప్రిల్ 4న, 4, 5 ఏప్రిల్ 7న, 6, 7 ఏప్రిల్ 8న, 8, 9 ఏప్రిల్ 9న. ఏర్పాటు చక్కనిది. చెడింది యాడంటే, ‘ఇప్పుడు తీసుకోకపోతే డబ్బు వెనక్కి పోతుంది’ అన్న పుకారు. పోదని కేంద్రం చెప్పేలోపు వరస రోడ్డెక్కింది.

ఎప్పుడు రావాలో చెప్పడం సగం పని. ‘నీ వంతు వచ్చేదాకా నీది నీకు ఉంటుంది’ అన్న నమ్మకం ఇవ్వడం మిగతా సగం. పాల బూత్ కాడా అంతే. పాలు అయిపోతాయన్న భయంతోనే 4 గంటలకు లేచి వస్తారు. బయట పలక పెట్టి ‘పాలు 120 ప్యాకెట్లు, ఇంటికి 2’ అని రాసి, 20 అమ్మినప్పుడల్లా అంకె మారిస్తే వెనక నిలబడినోళ్ళకు తోసుకునే పని లేదు. తమకు రావని తెలిసినోళ్ళు అప్పుడే ఇంటికి పోతారు. రేషన్ రెండో విడతలో వలంటీర్లు తేదీ, సమయం వేసిన కూపన్లు ఇచ్చింది కూడా ఈ ఆలోచనతోనే. అప్పట్లో వలంటీరుకు 50 ఇండ్లు ఉండేవి కాబట్టి అరగంటకు 10 ఇండ్లు పెడితే రెండున్నర గంటల్లో ఒక వలంటీరు కింద ఇండ్లన్నీ అయిపోయేవి.

బురుజునీడ (కర్నూలు వన్‌టౌన్)

వరస గురించి. 6 అడుగులకు ఒకరు నిలబడితే 20 మందికి 114 అడుగులు కావాలి. వన్‌టౌన్ సందుల్లో అంగడి ముఖం 10, 12 అడుగులు. ఒక అంగడి వరస పది అంగళ్ళ ముందర నుంచి పోతుంది, ఆ పది అంగళ్ళకూ వరసలుంటాయి. అన్నీ కలిసిపోతాయి. అందుకే సందుల్లో వృత్తాలు గీయడం పనికిరాదు. సందులో టోకెన్ పద్ధతి, రోడ్డు 40 అడుగులు దాటిన చోట వృత్తాలు. ఈ తేడా కాగితంలో స్పష్టంగా రాయండి భాయ్.

వృత్తం గీసేటప్పుడు అందరూ చేసే తప్పు ఇంకోటుంది. వృత్తానికీ వృత్తానికీ మధ్య ఖాళీని 6 అడుగులు కొలుస్తారు, వృత్తాన్ని 3 అడుగులు గీస్తారు. దాంతో మనిషికీ మనిషికీ 9 అడుగులు పడి చోటు వృథా. వృత్తం అడ్డంగా అడుగున్నర చాలు. నడిమి నుంచి నడిమికి 6 అడుగులు. ముగ్గుపిండితో గీస్తే పది గంటలకే కాళ్ళ కింద చెరిగిపోతుంది. సున్నంలో జిగురు కలిపి బ్రష్‌తో వేస్తే వారం ఉంటుంది. పసుపు ఆయిల్ పెయింట్ అయితే నెలలు.

సూదీదారం (ప్రొద్దుటూరు)

మాస్కు కొలతలు నేను చెప్తా, ఎందుకంటే వీధిలో కుట్టే ఆడోళ్ళకు సరైన కొలత ఇస్తే రోజుకు ఎన్నో కుట్టగలరు. పెద్దలకు గుడ్డ 9 అంగుళాలు × 7 అంగుళాలు, పిల్లలకు 7 × 5. నూలు గుడ్డే, మూడు పొరలు. గుడ్డను ముందే ఉప్పు నీళ్ళలో ఉడికించి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి ముక్కు మీద నుంచి జారుతుంది. గుడ్డ మంచిదో కాదో తెలుసుకోవాలంటే వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. దారాల మధ్య చుక్కలు చుక్కలుగా వెలుతురు కనపడితే అది పనికిరాదు. పాత లుంగీ, పాత పరుపు దుప్పటి మంచివి. పలచటి చున్నీ, సిల్కు, సాగే టీషర్టు గుడ్డ వద్దు.

సాగే రబ్బరు కంటే నాలుగు గుడ్డ పట్టీలు మేలు. రబ్బరు ఉడికిస్తే సాగిపోతుంది. పట్టీ పైది చెవి పైనుంచి తల వెనక్కి, కిందిది మెడ వెనక. ముక్కు కాడ మూడు అంగుళాల సన్న తీగ పెట్టి కుడితే కళ్ళజోడు మంచు పట్టదు. మంచు పట్టిందంటే గాలి పైనుంచి పోతోందని, అంటే మాస్కు సరిగ్గా అతకలేదని.

మనిషికి కనీసం రెండు, పొలానికో అంగడికో పోయేవాళ్ళకు మూడు. చెమటకు తడిస్తే పొరలు అతుక్కుని ఊపిరాడదు, అందుకే గడ్డం కిందికి దించుతారు. దించవద్దని అరిచేకంటే పొడి మాస్కు చేతికివ్వడం పని చేస్తుంది. ఉతికేది సబ్బు, గోరువెచ్చని నీళ్ళతో. ఆరేది ఎండలో 5 గంటలు. దానికి మన ఎండ ఒక పెద్ద సాయం. వానాకాలంలో ఎండ లేకపోతే నీళ్ళలో ఉప్పేసి 15 నిమిషాలు మరిగించండి.

పెన్నేటి నర్సు (కడప)

అక్కా, చాలా బాగా చెప్పారు. ఒకటి కలుపుతాను. కవాటం ఉన్న ఎన్‌95 మాస్కులు కొనవద్దని రాయండి. ఆ కవాటం బయటి గాలిని వడకడుతుంది కానీ లోపలి ఊపిరిని వడకట్టకుండా బయటికి వదులుతుంది. పెట్టుకున్నవాళ్ళకు జబ్బుంటే ఎదుటివాళ్ళకు రక్షణ లేదు. 2020 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా వాటిని వాడవద్దని రాష్ట్రాలకు రాసింది.

తుంగజలం (కల్లూరు)

నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. లాక్‌డౌన్ పడింది ఎండాకాలంలో. వీధి కొళాయి కాడ చేరే గుంపు అంగడి కంటే పెద్దది, రోజూ చేరేది. దానికి మన ఊర్ల పాత పద్ధతే మందు: బిందె వరసలో, మనిషి నీడలో. బిందెకు స్థానం ఉంటుంది కాబట్టి మనిషి అక్కడ నిలబడాల్సిన అవసరమే లేదు. బిందె మీద రంగుతోనో రిబ్బనుతోనో ఇంటి గుర్తు పెట్టుకుంటే తగాదా ఉండదు.

లెక్క ఇది. బిందె 15 లీటర్లు. ధార నిమిషానికి 10 లీటర్లు ఉంటే నిండేదానికి నిమిషంన్నర, మార్చేదానికి అరనిమిషం, మొత్తం 2 నిమిషాలు. గంట వదిలితే 30 బిందెలు. కొళాయికి 10 ఇండ్లుంటే మొదటి చుట్టులో ఇంటికి 3. నీళ్ళు ఇంకా వస్తుంటే రెండో చుట్టు. ‘ఇంటికి 6 బిందెలు ఒకేసారి’ అంటే ఐదో ఇంటితోనే గంట అయిపోతుంది, అక్కడి నుంచి తోపులాట మొదలు. మీ కొళాయి ధార ముందే కొలుచుకోండి. బకెట్టు పెట్టి ఫోన్‌లో సెకండ్లు చూస్తే తెలిసిపోతుంది.

కొళాయి తిప్పేది ఒకే మనిషి అయితే మేలు. పది మంది తిప్పే చోట పక్కన సబ్బు ముక్కను పాత సాక్సులో వేసి వేలాడదీయండి. విడి సబ్బు అయితే సాయంత్రానికి కనపడదు, సాక్సులో కడితే ఉంటుంది, తడిసి కరిగిపోదు కూడా.

బురుజునీడ

ట్యాంకరు కాడ ఎట్ల? అక్కడ వరస ఉండదు. పైపు ఎవరి చేతికొస్తే వాళ్ళది.

తుంగజలం

ట్యాంకరు వచ్చేది ఎప్పుడో తెలియకపోవడమే అక్కడ జబ్బు. హారన్ వినపడగానే అందరూ పరిగెత్తుతారు. ట్యాంకరును వీధి మొదట్లో ఆపకుండా మూడు చోట్ల ఆపించండి, చోటుకు 15 నిమిషాలు. ఇంకా మంచిది, వీధికి రెండు 1000 లీటర్ల సింటెక్స్ తొట్లు పెట్టి ట్యాంకరు వాటిలో పోసి వెళ్ళిపోవడం. తర్వాత జనం రోజంతా తీరిగ్గా పట్టుకుంటారు. తొట్టి అరుగు మీద రెండున్నర అడుగుల ఎత్తున ఉండాలి, లేకపోతే కొళాయి కింద బిందె పట్టదు.

చీనీతోట (గార్లదిన్నె, అనంతపురం)

కూరగాయలకు ఒక మాట. రైతు బజారును హైస్కూలు మైదానాలకు, స్టేడియాలకు పంచినారు, అది మంచి పనే. కానీ జనం కాయ ఏరుకుంటారు. పది చేతులు పడిన టమోటాను పదకొండో మనిషి తీసుకుంటాడు. 100 రూపాయల కిట్ పెట్టినారు, దాంట్లో ఇంట్లో తినని కాయ ఒకటి ఉంటే కిట్టే వద్దంటారు. రెండుగా విడగొట్టండి. అందరికీ కావాల్సినవి కట్టిన సంచిలో: ఎర్రగడ్డలు 2 కేజీలు, టమోటా 2 కేజీలు, పచ్చిమిరప పావుకేజీ, కరేపాకు, కొత్తిమీర. మిగతావి అరకేజీ పొట్లాలుగా విడిగా. పైన తట్టలో నాలుగు కాయలు నమూనాకు పెట్టి ‘ఇదే సరుకు’ అని చూపించండి. చూసినాక ఏరుకునే పట్టు తగ్గుతుంది.

వారానికి రెండుసార్లే కొనాలంటే కాయ నిలవాలి. టమోటా దోరది తీసుకోవాలి, పండుది కాదు. చీనీ (బత్తాయి) కాయ గాలి తగిలే నీడలో పరిస్తే వారం దాటి ఉంటుంది. కడిగి తడి మీద సంచిలో కడితే మూడో రోజుకు బూజు. భయంతో ఇంటికి తెచ్చిన ప్రతి కాయా తెచ్చిన వెంటనే సబ్బుతో, బ్లీచింగ్‌తో కడిగినోళ్ళు ఉండారు. అది తప్పు, సబ్బు కాయలోకి ఇంకుతుంది. వండే ముందు మంచినీళ్ళ ధార కింద చేత్తో రుద్ది కడగండి, చాలు.

రైతు వైపు నుంచి కూడా వినండి. మన జిల్లా చీనీ, అరటి బయటి రాష్ట్రాలకు పోవాల్సిన సరుకు. లారీ ఆగితే తోటలోనే రాలిపోతుంది. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు కదిలేదాకా ఆ బాధ ఉండింది. వీధికి ఒక టన్ను ఒక్కసారి చెప్తే రైతు నేరుగా తెచ్చి దించుతాడు. కానీ ముందు రోజే లెక్క చెప్పాలి, కోతకు మనుషుల్ని పిలవాలి కదా. ‘తెచ్చినాక చూస్తాం’ అంటే ఎవరూ తేరు.

బురుజునీడ

రంజాన్ సంగతి రాయండి. 2020లో ఏప్రిల్ 25 నుంచి మే 24 దాకా ఉపవాసాలు, 25న పండగ, మొత్తం లాక్‌డౌన్‌లోనే. పొద్దున 6 నుంచి 9 అంటే సహరీ తిని నమాజు చేసి కాస్త నడుం వాల్చే సమయం. కలింగర (పుచ్చకాయ), ఖర్జూరం, పాలు కావాల్సింది సాయంత్రం. కాబట్టి ఆ నెల ఉపవాసాలుండే వీధుల్లోకి సాయంత్రం 4 నుంచి తోపుడుబండ్లను పంపేటట్టు ముందే అధికారులను అడగాలి. మనిషి మార్కెట్‌కు పోకుండా బండి ఇంటి ముందరికి వస్తే గుంపు ఉండదు. బండి ఒకచోట 5 నిమిషాలకు మించి నిలబడకూడదు, నిలిస్తే అదే చిన్న మార్కెట్ అవుతుంది.

పారిశుధ్య మేస్త్రి (అనంతపురం పాతూరు)

బ్లీచింగ్ గురించి చాలా తప్పులు జరిగినాయి కాబట్టి వివరంగా రాస్తాను.

రోడ్డు పక్కన పొడి బ్లీచింగ్ గీత గీసినట్టు చల్లుతారు. అది చూసేదానికి తృప్తి, పని తక్కువ. ఎండకు, గాలికి దాంట్లో క్లోరిన్ గంటల్లో పోతుంది. పొడి చల్లితే పిల్లల కళ్ళల్లో, చెప్పుల్లేని కాళ్ళకు మంట. నీళ్ళలో కలిపితేనే పని చేస్తుంది.

మంచి బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. ఒక శాతం ద్రావణానికి లీటరుకు 30 గ్రాములు, 10 లీటర్ల బకెట్టుకు 300 గ్రాములు. ముందు కొంచెం నీళ్ళతో జావలాగా కలపండి, ఉండలు పోయాక మిగతా నీళ్ళు పోసి, అరగంట తేరనివ్వండి. పైన తేటను వంపుకుని వాడాలి, అడుగు మడ్డి స్ప్రేయర్‌లో పోస్తే నాజిల్ మూసుకుపోతుంది. ప్లాస్టిక్ బకెట్టే వాడాలి, ఇనుము తుప్పు పడుతుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి. మూత తీసిన పాత సంచిలో పొడి గడ్డకట్టి వాసన తగ్గిపోయి ఉంటే బలం పోయినట్టే.

తాకే చోట్లకే వాడండి: కొళాయి పిడి, ఏటీఎం తలుపు, సచివాలయం బల్ల, మెట్ల కడ్డీ. తుడిచినాక 10 నిమిషాలు తడిగా ఉండనిచ్చి, ఇనుప వస్తువైతే తర్వాత నీళ్ళతో తుడవాలి. చెట్టు మీద, గోడ మీద, రోడ్డు మీద కొట్టడం మందు వృథా.

మనుషుల మీద కొట్టకండి. రైతు బజార్ల ముందర సొరంగాలు కట్టి జనం మీద చల్లినారు. 2020 ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ అది వద్దని చెప్పింది. కళ్ళు, చర్మం, గొంతు దెబ్బతింటాయి, లోపలికి పోయిన వైరస్‌కు ఏమీ కాదు. పైగా దాంట్లోనుంచి నడిచొచ్చిన మనిషి ‘నాకేం భయం లేదు’ అని చేతులు కడుక్కోడు.

చివరిది, ప్రాణం మీదికొచ్చేది. బ్లీచింగ్‌ను బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు లేస్తుంది. మూసిన బాత్రూంలో అయితే మనిషి పడిపోతాడు.

రాజ్‌విహార్

మేస్త్రిగారూ, ఇండ్లల్లో నేల తుడిచేదానికి కూడా ఒక శాతమేనా?

పారిశుధ్య మేస్త్రి

అంత వద్దు. జబ్బు మనిషి లేని ఇంట్లో మామూలుగా తుడిచే నీళ్ళే చాలు. రోగి వాడే బాత్రూంకు ఒక శాతం. గదిలో నేలకు లీటరుకు 3 గ్రాములు సరిపోతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి.

పెన్నేటి నర్సు

రోగి ఉన్న ఇంటి గురించి రాస్తాను. ఇక్కడే వీధి ప్రవర్తన ఎక్కువ చెడింది. ఇంటికి కర్రలు అడ్డం కట్టడం, తలుపు మీద కాగితం అంటించడం, పాలవాడిని ఆపేయడం. దాని ఫలితం ఒకటే: జ్వరం వచ్చినవాళ్ళు చెప్పడం మానేశారు. చెప్పకపోతే టెస్టు లేదు, టెస్టు లేకపోతే ఇంటిల్లిపాదికీ, పక్కింటికీ పాకుతుంది. ఇండ్ల ముందు పోస్టర్లు అంటించాల్సిన పని లేదని, విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అంటించకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితంలో ఈ వాక్యం పెద్ద అక్షరాలతో ఉండాలి.

వీధి చేయాల్సింది: గేటు బయట ఒక స్టూలు. పాలు, కూరగాయలు, మందులు దాని మీద పెట్టి గంట కొట్టి 6 అడుగులు వెనక్కి జరగడం. రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతో అడగడం. చెత్తను విడి సంచిలో మూతి కట్టి మున్సిపాలిటీ బండికి చెప్పి ఇవ్వడం. రోగి లేని ఇంట్లో వాడేసిన మాస్కులైతే కత్తిరించి కాగితం సంచిలో 72 గంటలు పక్కన పెట్టి పొడి చెత్తలో వేయాలి. కత్తిరించకపోతే ఏరుకుని ఉతికి అమ్మేవాళ్ళుంటారు.

ఆక్సీమీటరు చూసే పద్ధతి: 5 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, గోరు రంగు తీసేయాలి, చెయ్యి చల్లగా ఉంటే రుద్దుకోవాలి, వేలు పెట్టి నిమిషం పాటు అంకె నిలిచేదాకా ఆగాలి. మొదట కనపడే అంకె చూసి భయపడవద్దు. 94 కంటే తగ్గి అక్కడే ఉంటే ఆసుపత్రికి కదలాలి. మంచం దొరికేలోపు బోర్లా పడుకోబెట్టండి: మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, మోకాలికి దిగువన కాళ్ళ కింద రెండు. తిన్న గంట లోపల వద్దు. గర్భిణులకు, పెద్ద గుండె జబ్బున్నవాళ్ళకు, వెన్నెముక దెబ్బ ఉన్నవాళ్ళకు వద్దు. ఇది ఆసుపత్రికి బదులు కాదు, దారిలో సాయం మాత్రమే.

అప్పట్లో సలహాకు 104, డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడటానికి 14410 ఉండేవి. రేపు ఏ నంబరు పని చేస్తుందో వార్డు నర్సు సరిచూసి, ఆ వారం తేదీ వేసి రాయాలి. పాత నంబరు గోడ మీద ఉండటం నంబరు లేకపోవడం కంటే చెడ్డది.

బురుజునీడ

అక్కా, హైదరాబాద్ దారి కూడా రాయాలి. మన కర్నూలోళ్ళకు పెద్ద జబ్బంటే హైదరాబాదే. 2021 మేలో తెలంగాణ సరిహద్దు పుల్లూరు టోల్‌గేట్ కాడ, ముందస్తు అనుమతి కావాలన్న ఆ రాష్ట్ర ఉత్తర్వు చూపి అంబులెన్సులు ఆపినారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఆ లోపల గంటలు పోయినాయి. అంబులెన్సు కదలకముందే ఏ ఆసుపత్రిలో మంచం ఖాయమైందో, అక్కడి ఎవరితో మాట్లాడినారో, వాళ్ళ ఫోన్ నంబరు, ఆ ఆసుపత్రి పంపిన మెసేజ్ రెండు ఫోన్లల్లో ఉండాలి. ఒకటి రోగితో పోయేవాళ్ళ కాడ, ఒకటి ఇంటి కాడ. దారిలో ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయే పని ఇది.

సుగ్గిబండి (కోసిగి)

మీరంతా టౌను సంగతే రాస్తాండారు. మా పక్క కోసిగి, ఆదోని, మంత్రాలయం ఊర్లల్లో సగం జనం సుగ్గికి పోతారు, గుంటూరు మిరప కోతకు, బెంగళూరు కట్టుబడి పనికి. లాక్‌డౌన్ పడితే వాళ్ళొచ్చి దిగేది ఊరి బడి కాడ, 14 రోజులు. ఆ బడికి ఏం కావాలో రాసుకోండి.

మంచం 6 × 3 అడుగులు. 20 × 20 అడుగుల గదిలో మంచానికీ మంచానికీ మధ్య అన్ని పక్కలా 6 అడుగులు వదిలితే 4 మంచాలే పడతాయి. గది 21 అడుగుల వెడల్పు ఉంటే 6 పడతాయి. ఒకే గుడిసెలో కలిసి వండుకుని తిన్న కుటుంబాన్ని విడదీయక్కర్లేదు, వాళ్ళందరినీ ఒక లెక్క కిందే పెట్టాల. అప్పుడు చోటు కలిసొస్తుంది. పళ్ళెం, గ్లాసు ఎవరివి వాళ్ళవే, ఎవరివి వాళ్ళే కడుక్కోవాల. తాగేదానికి, వాడేదానికి మనిషికి రోజుకు 40 లీటర్లు తగ్గకుండా చూడాల. బడి కక్కసులు చిన్న పిల్లోళ్ళ కొలతకు కట్టినవి, ముసలోళ్ళు కూచోలేరు, దానికి కుర్చీ ఏర్పాటు చేయాల.

రాత్రి పూట గోడ దూకి పోతారని తిడతారు. ఎందుకు పోతారో అడగాల కదప్పా. ఎనుముకు మేత వేసేటోళ్ళు లేరని, ఇంట్లో ముసలామె ఒక్కతే ఉందని, కూలి డబ్బు ఇంట్లో ఇచ్చి రావాలని పోతారు. మొదటి రోజే ఒక పుస్తకంలో ముగ్గురి పేర్లు రాసుకోండి: గొడ్లకు ఎవరు, ముసలోళ్ళకు ఎవరు, డబ్బు చేర్చేది ఎవరు. ఆ మూడూ కుదిరినాక గోడ దూకేటోళ్ళు తక్కువ. సంగటి, పప్పు పెట్టండి, ఇడ్లీ పొట్లాలు వద్దు. బరువు పని చేసే మనిషికి రెండు ఇడ్లీలు చాలవు, ఆకలికి బయటికొస్తారు.

హంద్రీగట్టు

అన్నా, ఎనుము మాట నిజంగా ఎవరికీ తట్టలేదు. కాగితంలో మూడో అంశంగా పెడుతున్నా.

ఏడురోడ్లు

సుగ్గిబండి అన్న చెప్పింది కడపలో కువైట్ నుంచి వచ్చేవాళ్ళకూ వర్తిస్తుంది. వాళ్ళకు చోటు ఇబ్బంది కంటే చుట్టాల తాకిడి ఎక్కువ. ఏండ్ల తర్వాత వచ్చిన మనిషిని చూడకుండా ఉండలేరు. గేటు కాడ 6 అడుగుల దూరంలో రెండు కుర్చీలు వేసి, సాయంత్రం 5 నుంచి 6 దాకా ఇద్దరిద్దరు మాట్లాడి పోయే ఏర్పాటు ఉంటే దొంగచాటుగా లోపలికి దూరరు.

బురుజునీడ

చావుల గురించి అడగాలని ఉంది అక్కా. జనాజాకు, దహనానికి ఏం చేయొచ్చు, ఏం కూడదు? భయంతో సొంతవాళ్ళనే దగ్గరికి రానీయలేదు చాలా చోట్ల.

పెన్నేటి నర్సు

2020 మార్చిలోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని చదివి వినిపించేవాళ్ళు లేక భయం పెరిగింది. సంచి జిప్పు తీసి ముఖం చూపించవచ్చు, ఆ పని సిబ్బంది చేయాలి. మంత్రాలు, దువా, గ్రంథ పఠనం, తీర్థం చల్లడం, శరీరాన్ని తాకని ఏ కర్మైనా చేయవచ్చు. స్నానం చేయించడం, ముద్దాడటం, కౌగిలించుకోవడం కూడదు. దహనమైనా ఖననమైనా రెండూ సరే. దహనం తర్వాత బూడిదతో ఏ ప్రమాదమూ లేదు, అస్థికలు తీసుకుని నదిలో కలపవచ్చు. అప్పటి నిబంధన ప్రకారం 20 మంది దాకా. పాడె మోసేవాళ్ళు మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. శ్మశానం పక్క ఇండ్లవాళ్ళు పొగతో జబ్బొస్తుందని అడ్డుకోవడం అన్యాయం. పొగతో రాదు.

చనిపోయిన ఇంటికి పలకరింపుకు వెళ్ళలేకపోతే అన్నం పంపండి. స్టూలు మీద పెట్టి రండి. మూడు రోజులు వాళ్ళింట్లో పొయ్యి వెలగకపోవచ్చు.

రాజ్‌విహార్

మొదట్లో నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక పని నేను చేస్తా: మన వీధి కొళాయిల ధార, ఇండ్ల లెక్క, అంగళ్ళ లెక్క, రోడ్ల వెడల్పు కొలిచి ఇక్కడ పెడతా. ఆదివారానికి.

హంద్రీగట్టు

మంచిది తమ్ముడూ. టేపు 30 మీటర్లది తీసుకో, చిన్నదానితో పది సార్లు జరిపితే తేడా వస్తుంది. ఇంకో ప్రశ్న అందరికీ. వృత్తాల్లో నిలబడినోళ్ళు 8 దాటగానే ఎండకు పక్కకు జరిగి అరుగు కింద గుంపవుతారు. మే నెలలో 42 డిగ్రీల ఊర్లో ఇది ఆపేది ఎట్ల? షామియానా వేస్తే?

కొలతలశెట్టి

షామియానా నెత్తి మీద వేస్తే లాభం లేదన్నా. పొద్దున ఎండ తూర్పు నుంచి ఏటవాలుగా వస్తుంది, నీడ పోయి పడమటి పక్క ఎవరూ లేని చోట పడుతుంది. ఉత్తరం-దక్షిణం పోయే వీధిలో అయితే తూర్పు వరస ఇండ్ల గోడ పొంటి వృత్తాలు గీయండి. ఆ ఇండ్ల నీడే 10 దాకా వీధి మీద ఉంటుంది, ఒక్క రూపాయి ఖర్చు లేదు. తూర్పు-పడమర వీధిలో, మైదానంలో ఆ నీడ దొరకదు. అక్కడ పచ్చ నెట్టును గోడలాగా నిలువుగా, 7 అడుగుల ఎత్తున, వరసకు తూర్పు పక్క కట్టాల. రెండు పక్కలా తాడు బిగించి, కింద ఇసుక సంచులు పెట్టండి. లేకుంటే గాలికి తెరచాపలాగా ఎగిరి గుంజలు పీకుతుంది.